పరభాషాభ్యాసము

1948 వరకు నిజాము పాలనలో మన సుల్తానాబాదున సర్కారు కాగితములు ఉర్దూలో నుండెడివి. తన పొలము ఎవరిపేర నున్నదో ఇల్లాలికి దెలియదు. చదివి చెప్పినవాని మాటయే వేదము.

నేడో? గల్ఫు దేశములకు బోవు మగవారి యొడంబడికలు తరచుగ అరబ్బీలో నుండును. చేవ్రాలు భర్తది, అప్పు తీర్చు భారము భార్యది.

ఉర్దూ లిపి అరబ్బీ లిపినుండి వచ్చినదే. అవ్వను భయపెట్టిన యక్షరములే మనుమరాలికి అక్కరకు వచ్చుట వింతగదా!

బడి మానినవారు వెనుదీయవలదు. 1982లో హైదరాబాదున వెలసి, పిదప అంబేద్కరు పేరు దాల్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, పూర్వవిద్య లేనివారికిని ఒకప్పుడు అర్హతపరీక్ష పెట్టి డిగ్రీ చదువునకు ద్వారము తెరచినది. అందు ఉర్దూయు నొక భాష.

ముందుగా ఇంటనున్న యొడంబడికనే తీయుడు. కుడినుండి యెడమకు జదువవలెను. జీతమునకు అరబ్బీ మాట 'రాతిబ్': రే, అలిఫ్, తే, బే అను నాలుగక్షరములు. మొదట దానిని వెదకుడు.