పెద్దల చూపు, ఇంటి తెలుగు

తమిళనాట తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు అక్షరము చదువగలవారు నేడు ఎందరు? బిడ్డలు ఇంట తెలుగు పలుకుదురు గాని, బడిలో నేర్చునది తమిళము, ఇంగ్లీషు. భాగవతము విప్పువారు, ఈ పత్రికను మొదటి పుట నుండి కడపటి పుట వరకు చూచువారు చాలవరకు అరువది దాటిన పెద్దలే. వారి కన్ను మసకబారినచో ఆ యింట తెలుగు చదువును మసకబారును. కావున కంటి వైద్యమును గూర్చి వ్రాయుట ఈ పత్రికకు పరాయి పని కాదు.

మా యింటి సంగతియే చెప్పెదము. మా తల్లిగారు ప్రతి సాయంకాలము ఇరుగుపొరుగు స్త్రీలకు భాగవతము చదివి వినిపించెడివారు. ఒకనాడు పుస్తకము మూసివేసినారు. అడుగగా, "శుక్లము ఇంకను ముదరలేదు నాయనా, ముదిరిన పిమ్మట చూతము" అనిరి. మేమును వ్యాపారపు తొందరలో సరే యంటిమి. రెండేండ్లు గడచినవి. తుదకు నేత్ర వైద్య నిపుణుని యొద్దకు తీసికొనిపోగా, ముదురువరకు వేచియుండుట పాతకాలపు మాట యనియు, చూపు నిత్యకృత్యములకు అడ్డమైనప్పుడే శస్త్రచికిత్స చేయవచ్చుననియు చెప్పినారు. మసకబారిన కటకమును తీసి కృత్రిమ కటకము అమర్చినారు. ఆ సాయంత్రమే ఇల్లు చేరితిమి.

మా పెదనాన్నగారికి అట్టి భాగ్యము లేకపోయెను. వారికి నీటికాసులు. నొప్పి లేదు, ఎరుపు లేదు. ప్రక్కచూపు కొంచెము కొంచెముగా తరిగినది. అంగడిలో కళ్లజోళ్లు మార్చుచు కాలము గడపినారు. వైద్యుని చూచునాటికి ఒక కన్ను పోయినది. శుక్లము కప్పిన చూపు మరల రావచ్చును. నీటికాసులు హరించిన చూపు రాదు. మిగిలినదానిని కాపాడుకొనుటయే చికిత్స.

చత్వారము వచ్చి చిట్టాను చేయి చాచి చదువు మావంటి వర్తకులకును ఇది హెచ్చరిక. అద్దములు కొనుటతో సరిపెట్టక, కంటి లోపలి ఒత్తిడిని, నరమును పరీక్ష చేయించుకొనవలెను. మధుమేహము గలవారు చూపు బాగున్నను ఏటేట కంటి లోపలి తెరను చూపించుకొనవలెను. కన్ను ఎర్రబడినదని ఆకుపసరు, ఆముదము పోయరాదు. మందుల అంగడిలో స్టెరాయిడ్ చుక్కలు తామే కొని వాడుకొనుట మరింత ప్రమాదము. వానివలన ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చును.

వ్యయమునకు వెరచుట తగదు. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు ప్రభుత్వోద్యోగము విరమించి 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ నేత్ర వైద్యశాలను స్థాపించినారు. ఇచ్చుకొనగలవారి సొమ్ముతో లేనివారికిని చికిత్స జరుగు పద్ధతి అచ్చట నెలకొన్నది. 1992 నుండి కృత్రిమ కటకములును మదురైలోనే తయారగుచున్నవి. వాని వెల ఎంతో తగ్గినది.

మనకు కొరవడినది ధనము కాదు, చేయి పట్టుకొని తీసికొనిపోవువారు. కుమారునికి భారమగుదుమని పెద్దలు నోరు విప్పరు. కావున వారు అడుగువరకు ఆగక, ప్రతి యింట ఒకరు ఈ మాసమున ఒక పూట అంగడి మూసి వారిని వెంటబెట్టుకొని పోవలెనని మా మనవి. మా తల్లిగారు మరల భాగవతము విప్పినారు. మా చిన్నమ్మాయి ప్రక్కన కూర్చుండి అక్షరములు కూడబలుకుచున్నది. ఆ రెండేండ్లు వృథా చేసితిమే యన్న బాధ మాత్రము మమ్ము విడువలేదు.