మూడు పేర్ల మహానౌక!

1960 మే 11. ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్ ఓడల కర్మాగారం జనంతో కిటకిటలాడుతోంది. అధ్యక్షుడు డిగాల్ సమక్షంలో ఆయన భార్య చేతులమీదుగా ఓ కొత్త ఓడ జలప్రవేశం చేసింది. పొడవు 315 మీటర్లు. అంత పొడవైన ప్రయాణికుల ఓడ అప్పటికి ప్రపంచంలోనే లేదు. 2004లో క్వీన్ మేరీ-2 వచ్చేదాకా ఆ రికార్డు దానిదే. దానికి పెట్టిన పేరేంటో తెలుసా? ‘ఫ్రాన్స్’!

1962 ఫిబ్రవరిలో లె హావ్రె రేవు నుంచి న్యూయార్క్‌కు తొలి ప్రయాణం. సుమారు రెండువేలమంది ప్రయాణికులు, వాళ్లకు సేవలు చేయడానికి వెయ్యిమందికి పైగా సిబ్బంది. అదే ఏడాది డిసెంబరులో ‘మోనాలిసా’ చిత్రం అమెరికా వెళ్లిందీ ఈ ఓడలోనే.

ఇంత వైభవమున్నా ఒక్కటే చిక్కు. అది ఆలస్యంగా పుట్టింది. 1958లోనే అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు మొదలయ్యాయి. ఓడలో అయిదు రోజులు పట్టే దూరాన్ని కొన్ని గంటల్లోనే దాటేస్తుంటే ఓడ ఎక్కేదెవరు? సర్కారు సొమ్ముతోనే నెట్టుకొచ్చింది. 1973లో చమురు ధరలు మండిపోయాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం ఇక డబ్బివ్వలేనంది. కడుపు మండిన సిబ్బంది ఓడను లె హావ్రె రేవు ముఖద్వారంలోనే ఆపేసి నిరసన తెలిపారు. ఫలితం లేకపోయింది. ఆ మహానౌక ఏళ్ల తరబడి ఓ మూలన పడి ఉంది. జనం ఆ చోటికి ‘మరుపు రేవు’ అని పేరు పెట్టారు!

1979లో నార్వేకు చెందిన నట్ క్లోస్టర్ దాన్ని కోటీ 80 లక్షల డాలర్లకు కొన్నాడు. విహారయాత్రకు వేగంతో పనేముంది అనుకుని, ఉన్న రెండు ఇంజిన్ గదుల్లో ఒకదాన్ని పక్కన పెట్టేశాడు. ‘నార్వే’ అన్న కొత్త పేరుతో 1980లో మయామీ నుంచి కరీబియన్ యాత్రలు మొదలెట్టాడు. చేరే ఊరుకన్నా ఓడలో గడిపే రోజులే ముఖ్యమన్న ఆలోచన అక్కడ బాగా పండింది. నేటి భారీ విహార నౌకలకు ఒకరకంగా దారి చూపింది అదే. అయితే 2003 మే 25న మయామీలో బాయిలర్ పేలి ఎనిమిదిమంది సిబ్బంది చనిపోయారు. ఓడ మళ్లీ యాత్రలకు వెళ్లలేదు.

చివరి మజిలీ మన దేశంలోనే. 2006లో ‘బ్లూ లేడీ’ పేరుతో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. అక్కడ పోటు సమయంలో ఓడను ఒడ్డుకెక్కిస్తారు. ఆటుకు నీరు వెనక్కి పోగానే కూలీలు విప్పే పని మొదలెడతారు. ఈ ఓడ గోడల్లో, పైపుల చుట్టూ బోలెడంత ఆస్బెస్టాస్ ఉందనీ, దాని ధూళి కూలీల ఊపిరితిత్తుల్ని తినేస్తుందనీ పర్యావరణవేత్తలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2007 సెప్టెంబరులో కోర్టు షరతులతో అనుమతించింది. మరుసటి ఏడాదికల్లా ఓడ చాలావరకూ తుక్కుగా మారిపోయింది.

ముందు భాగపు కొనను మాత్రం కోసి దాచారు. 2009లో పారిస్‌లో వేలం వేస్తే లక్షల యూరోలు పలికింది. 2018లో అది తిరిగి లె హావ్రె చేరింది.

మంటలు అంటుకోకుండా, ప్రయాణికులు నిశ్చింతగా నిద్రపోవాలని ఆనాడు పెట్టిన ఆస్బెస్టాస్ అది. యాభై ఏళ్లు గడవకముందే, ఆ ఓడనెప్పుడూ ఎక్కి తిరగని కూలీల ప్రాణాలమీదికొచ్చింది. ఓడ ముక్కు సొంతూరు చేరింది. దాన్ని విప్పిన చేతులెవరివో ఏ ఫలకం మీదా లేదు.