కదలని కాలూ, కాలినా తెలియని కాలూ



ఒక మనిషికి వీపులో కత్తి దిగింది అనుకోండి. వెన్నుపాము పూర్తిగా తెగలేదు. కుడివైపు సగం మాత్రమే తెగింది. అప్పుడేమవుతుంది?

"కుడికాలు పడిపోతుంది!" అంటారు మీరు. నిజమే, కాని అది సగం జవాబే.

వైద్యుడు గుండుసూదితో అతని కాళ్ళు రెండూ మెల్లగా గుచ్చి చూస్తాడు. వింత చూడండి! కదలని కుడికాలికి నొప్పి తెలుస్తుంది. చక్కగా కదిలే ఎడమకాలికి తెలియదు. ఆ కాలికి వేడినీళ్ళు తగిలినా, మంచుగడ్డ తగిలినా ఒకటే. ఇక, అతన్ని కళ్ళు మూసుకోమని కుడికాలి బొటనవేలు వంచితే, పైకి వంచారో కిందికి వంచారో చెప్పలేడు.

ఎందుకిలా జరుగుతుంది?

వెన్నుపాము వెన్నెముక లోపల ఉండే మెత్తని నరాల తాడు. పెద్దవారిలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, లావు చిటికెనవేలంత. అందులో ఒక్కొక్క వార్తకు ఒక్కొక్క దారి ఉన్నది. "కదులు" అనే మెదడు ఆజ్ఞ మెదడు అడుగునే ఒక వైపునుంచి రెండవ వైపుకు దాటి, తిన్నగా కిందికి దిగుతుంది. వేలు ఎటు వంగిందో చెప్పే వార్త కాలున్న వైపునే పైకెక్కి, మెదడు అడుగుకు చేరిన తరవాతనే దాటుతుంది. నొప్పి, వేడి, చలి వార్తలకు మాత్రం తొందర ఎక్కువ! అవి వెన్నుపాములో ప్రవేశించిన కొద్ది దూరంలోనే అవతలి వైపుకు దాటుతాయి. అందుచేత ఎడమకాలి నొప్పి కుడివైపు దారినే పైకి పోవాలి. ఆ దారి తెగితే వార్త ఆగిపోతుంది.

ఈ సంగతిని 1850 ప్రాంతంలో జంతువులమీద పరీక్షలు చేసి చూపినవాడు బ్రౌన్-సెకార్. ఈయన 1817లో మారిషస్ దీవిలో పుట్టాడు. పుట్టకముందే ఓడ కప్తాను అయిన తండ్రి చనిపోయాడు. బ్రౌన్ తండ్రి ఇంటిపేరు, సెకార్ తల్లి ఇంటిపేరు. ఈ లక్షణాలను నేటికీ వైద్యులు ఆయన పేరుతోనే పిలుస్తారు.

నిజంగా గాయపడిన వారిలో అన్ని లక్షణాలూ ఇంత స్పష్టంగా విడివిడిగా కనిపించడం అరుదు. చికిత్స సరిగా జరిగితే వీరిలో చాలామంది మళ్ళీ నడవగలుగుతారు. ఐతే ఒక జాగ్రత్త: కదలని కాలిని అందరూ చూసుకుంటారు, కదిలే కాలిని మరిచిపోతారు. మరిగే నీళ్ళు పడినా ఆ కాలికి తెలియదు గదా! అందుకని స్నానపు నీళ్ళను ఇంట్లోవారు ముందు చేత్తో ముట్టి చూడాలి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. ఎవరైనా చెట్టుమీదనుంచి పడితే, "నొప్పి లేదు" అన్నా సరే, లేవదీసి కూచోబెట్టకండి. మెడ కదిలించకండి. పెద్దలను పిలిచి, 108కి ఫోను చేయించండి. వెన్నెముక విరిగి ఉంటే, మనం లేవదీయడంవల్లనే వెన్నుపాము మరింత దెబ్బతినవచ్చు.

ఇప్పుడు చెప్పండి చూద్దాం: వెన్నుపాము ఎడమవైపు సగం తెగితే కదలని కాలేది? కాలినా తెలియని కాలేది?