దించేటప్పటి లెక్క ఎవరిది?

కైసన్లు డిజైన్ చేసే ఆఫీసుల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. ప్లాక్సిస్ లాంటి ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో కైసన్‌ను దాని చివరి లోతులో, మొదటి నుంచీ మట్టిలో ఉన్నట్టే గీస్తారు. పైన వంతెన బరువు వేస్తారు. ఎంత కుంగిందో చూసి రిపోర్టు కట్టేస్తారు. దించడం కాంట్రాక్టర్ చూసుకుంటాడట. ఈ పద్ధతి తప్పని అంటున్నాను. మయన్మార్‌లోని యాంగాన్ లాంటి చోట ప్రమాదం కూడా.

మన పెద్దలు రంగూన్ అన్న ఆ ఊళ్లో ష్వేడగాన్ పగోడా ఉన్న గుట్ట గట్టి నేల. నది ఒడ్డుకు వచ్చేసరికి మెత్తటి బంకమన్ను, ఒండ్రు, వదులు ఇసుక. పెద్ద పోటు రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం 5 మీటర్లకు పైగా మారుతుంది. బయటి వ్యాసం 10 మీటర్లు, లోపలి వ్యాసం 7 మీటర్లు ఉన్న గుండ్రటి కైసన్‌ను అక్కడ దించుతున్నామనుకోండి. లోపలా బయటా నీరు 5 మీటర్లు తగ్గితే, నీళ్లలోంచి బయటపడిన గోడకు తేలుడు బలం పోయి, దించే బరువు సుమారు 200 టన్నులు పెరుగుతుంది. పోటు రాగానే మళ్లీ అంతే తగ్గిపోతుంది. 20 మీటర్ల లోతున పక్క రాపిడిని చదరపు మీటరుకు 15 కిలోన్యూటన్లు అనుకోవడానికీ, 25 అనుకోవడానికీ తేడా 640 టన్నులు. కైసన్ దిగుతుందా, ఆగుతుందా, ఒక్కసారిగా జారుతుందా అన్నది ఈ అంకెల మధ్యే తేలుతుంది. చివరి లోతులో ముందే కూర్చోబెట్టిన నమూనాలో ఇవేవీ కనిపించవు.

ఇంతకన్నా పెద్ద తప్పు మట్టి విషయంలో ఉంది. గ్రాబ్‌తో లోపలి మట్టి తీస్తున్నప్పుడు లోపలి నీరు బయటి నీటికన్నా కిందికి పోతే, కటింగ్ ఎడ్జ్ కింద నుంచి ఇసుక నీళ్లతో కలిసి లోపలికి ఎగదన్నుకొస్తుంది. శాండ్ బ్లో అనేది దీన్నే. కైసన్ ఒక పక్కకు ఒరుగుతుంది, చుట్టూ నేల వదులవుతుంది. ఆ తర్వాత భూకంపానికో ప్రవాహానికో పక్క నుంచి ఆసరా ఇవ్వాల్సింది ఆ వదులైన నేలే. మన నమూనా మాత్రం బోరు తీసిన నాటి చెక్కుచెదరని మట్టినే చూపిస్తుంది. కైసన్ నిటారుగా దిగదని మన ఐఆర్‌సీ 78 కోడే ఒప్పుకుంటుంది. 80కి 1 వంతు ఒరుగును, 150 మిల్లీమీటర్ల పక్కజరుగును అది అనుమతిస్తుంది. 20 మీటర్ల లోతుకు ఆ ఒరుగే 250 మిల్లీమీటర్లు. దాన్ని లెక్కలోకి తీసుకోని నమూనా ఏ కైసన్‌ది?

అవతలివారి వాదనలో బలమైన మాట ఒకటుంది. మామూలు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో మెష్ మట్టితోపాటే సాగుతుంది. కైసన్ మీటర్ల కొద్దీ దిగితే మెష్ నలిగి లెక్క ఆగిపోతుంది. నిజమే. కానీ దిగడాన్ని అడుగడుగునా అనుకరించమని ఎవరూ అడగడం లేదు. నాలుగైదు లోతుల దగ్గర ఆపి చూడండి. ప్రతి లోతులో లోపలి మట్టిని తీసేసి, గోడను పొడిగించి, ఇంటర్‌ఫేస్ బలాన్ని తక్కువకూ ఎక్కువకూ మార్చి, నీటిమట్టాన్ని పోటుకూ పాటుకూ పెట్టి, కటింగ్ ఎడ్జ్ కింద నేల ఎంత మోస్తుందో కట్టండి. వచ్చేది ఒక్క అంకె కాదు, ఒక హద్దు. సైట్‌లో దించే ఇంజనీరుకు పనికొచ్చేది ఆ హద్దే. అంతకు మించి కావాలంటే అబాకస్‌లో మట్టి మెష్‌ను దాటి ప్రవహించేలా లెక్కకట్టే పద్ధతి ఉంది. ఖరీదైనదే, కానీ ఉంది.

దశలవారీ లెక్క పుస్తకాల్లోని కోరికేమీ కాదు. యాంగాన్‌లోనే బగో నది మీద జపాన్ సాయంతో కట్టిన కొత్త వంతెనకు ఉక్కు గొట్టాల బావి పునాది వాడారు. గొట్టాలను వలయంగా దించి, ఒకదానికొకటి బిగించి, లోపల మట్టీ నీరూ తీసి, అడుగున పునాది కడతారు. నీరు తీసేటప్పుడు గొట్టాలు వంగి, ఆ ఒత్తిడి వాటిలోనే మిగిలిపోతుంది. జపాన్ డిజైన్ పద్ధతి దాన్ని వంతెన బరువు తెచ్చే ఒత్తిడికి కలిపి చూస్తుంది. కట్టే క్రమం కట్టడంలో ఉండిపోతుందని ఒప్పుకున్నట్టే కదా! కాంక్రీటు కైసన్‌కు మాత్రం ఆ నియమం ఎందుకు వర్తించదో నాకెవరూ చెప్పలేదు.

భూకంపాలు తెచ్చే సగాయింగ్ ఫాల్ట్ యాంగాన్‌కు దూరం కాదు. 1930 మే 5న బగో పట్టణాన్ని కూల్చిన భూకంపంలో రంగూన్‌లోనూ సుమారు 50 మంది చనిపోయారు. 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఇరావతి మీద 1934 నాటి ఆవా వంతెన కూలింది. దానికి పునాదే కారణమని నేననను. అలాంటి నేలలో కైసన్ చుట్టూ మట్టి ఏ స్థితిలో ఉందో తెలియకుండా భూకంపానికి భద్రమని రాసివ్వడం మాత్రం బాధ్యత తప్పడమే.

బావులు దించే చోట సింకింగ్ రిజిస్టర్ రాయడం మన వంతెన పనుల్లో పాత అలవాటు. రోజూ ఎంత దిగింది, ఎటు ఒరిగింది, నీరు ఎక్కడుంది అన్నీ అందులో ఉంటాయి. ఆ అంకెలతో రాపిడి విలువను సరిదిద్ది నమూనాను మళ్లీ నడిపితే, మిగతా లోతు ఎలా దిగుతుందో ముందే అంచనా కట్టవచ్చు. యాంగాన్ నుంచైనా, గోదావరి నుంచైనా కైసన్ డ్రాయింగ్ మీ బల్ల మీదికి వస్తే, దించే దశల లెక్కా, దాన్ని రిజిస్టర్‌తో సరిచూసే ఏర్పాటూ అడగండి. అవి లేకపోతే సంతకం పెట్టకండి.