నేతకొక న్యాయము, గీతకొక న్యాయమా?

తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురని మనవారి సామెత. అందులో త్రాగినవాని నడుగువారు లేరు, త్రాగినదానిని చూచువారు లేరు. చెట్టే సాక్షి, చెట్టే దోషి. సంస్కారాభిమానులమైన మనము మద్యమును గుఱించి మాటలాడునపుడెల్ల ఈ సామెత పద్ధతినే యనుసరించుచున్నాము. ఉదయమున చెట్టు దిగి సాయంకాలమునకు పులిసి మఱునాటికి పనికిమాలిపోవు కల్లును, యంత్రశాలలో బట్టీపట్టబడి సీసాకెక్కి యేండ్ల తరబడి నిలువయుండు సారాయమును ఒకే త్రాసున తూచి, ఒకే మాటతో నిందించి, చేతులు దులుపుకొనుచున్నాము. ఫలితమేమి? నిందపడిన రెంటిలో బలహీనమైనది కృశించుచున్నది; బలవంతమైనది మఱింత బలియుచున్నది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో, ఈ విపరీతము కన్నులకు కట్టినట్లున్నది. గ్రామమున పుట్టి గ్రామముననే ముగియు కల్లును, దానిని గీయు కుటుంబములను, కల్తీలేని చిన్న కల్లంగడిని కాపాడుట సంస్కారమునకు విరోధము కాదనియు, సంస్కారములో నదియు నొక భాగమే యనియు మేము చెప్పదలచితిమి.

మా మాటకు పెడయర్థము తీయవలదని మొదటనే మనవి. త్రాగనివారిని త్రాగుమనుట మా యుద్దేశము కాదు. బాలురకు, గర్భిణులకు, వ్యాధిగ్రస్తులకు కల్లు మేలనుట అంతకన్న కాదు. త్రాగుడు మితిమీఱిన యింట సుఖము లేదని మాకును తెలియును. కాని లోకములో త్రాగువారున్నారు. వారి చేతిలోనికి ఏ పాత్ర వచ్చుచున్నదో, దాని వెల యెవరి పెట్టెలోనికి పోవుచున్నదో విచారింపకుండుట సంస్కారము కాదు. అది కన్నులు మూసికొనుట.

మొదట వస్తువును చూతము. వంకల యొడ్డునను, చెఱువు కట్టల క్రిందను పెరుగు ఈతచెట్టు మొవ్వువద్ద గీతపెట్టగా దిగునది తియ్యని నీరు. అందులో చక్కెర నూటికి పది పాళ్లకు అటునిటుగా నుండును. కుండకు లోపల సున్నము పూసినచో అది పులియదు. అదియే నీరా, దానిని కాచినచో బెల్లము. సున్నము లేనిచో గాలిలోను కుండలోను నుండు ఈస్టు తనంతట తానే పనిచేసి కొన్ని గంటలలో ఆ నీటిని కల్లుగా మార్చును. సాయంకాలపు కల్లులో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లు. మఱునాటికది పులుసెక్కి వినెగరు దారి పట్టును. సీసాలోని బ్రాంది, విస్కీలలో నుండునది నూటికి 42.8 పాళ్లు. లెక్క వేసి చూడుడు: 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో నున్నంత ఆల్కహాలు పొందుటకు లీటరున్నరకు మించిన కల్లు త్రాగవలెను. ఒకటి పది నిమిషములలో గొంతు దిగును. రెండవది సగము దిగకముందే కడుపు చాలు ననును. ఈ రెంటిని ఒకే పేరుతో పిలుచుట న్యాయమా?

ఇక ధనమును చూతము. కోసిగి, మంత్రాలయము మొదలగు చోట్లనుండి వేలకొలది కూలికుటుంబములు పంట చేతికందని యేటేట సుగ్గికని గుంటూరు మిరపచేలకును, పత్తిచేలకును, బెంగుళూరునకును తరలిపోవుట ఈ ప్రాంతము వారెల్లరు నెఱిగినదే. వారు నడుములు విఱుగ పనిచేసి తెచ్చిన రూపాయలో త్రాగుడుకు పోవు భాగము కొంత యున్నది. ఆ భాగము కల్లంగడిలో పడినచో గీతవాని యింటికి, వానినుండి కోమటి కొట్టునకు, కుండలు చేయువానికి, వాని బిడ్డ బడి పుస్తకములకు చేరి, ఊరిలోనే తిరుగును. అదే రూపాయ సీసాల దుకాణములో పడినచో ఊరు దాటి దూరపు డిస్టిలరీకిని, ప్రభుత్వ ఖజానాకును చేరును. ఊరికి మిగులునది ఖాళీ సీసా. 2019 మొదలు 2024 వఱకు ఇచట దుకాణములు ప్రభుత్వమే నడపి వెలలు పెంచగా, ప్రక్కనున్న రాయచూరు, బళ్లారి జిల్లాలనుండి కర్ణాటక మద్యము కాగితపు పొట్లములలో దొంగచాటుగా ఈ సరిహద్దు పల్లెలకు దిగినది. వెల పెంచిన మాత్రమున త్రాగుడు తగ్గలేదు. దారి మాత్రము మాఱినది.

చట్టముల చరిత్ర చూచినను ఇదే కథ. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము చెట్టునకు పన్ను కట్టి, అంగడిని వేలమువేసి, గీతవానికిని త్రాగువానికిని నడుమ గుత్తదారుని నిలిపెను. 1937లో సేలములో ఆరంభమైన మద్యనిషేధము 1948 నాటికి మద్రాసు రాజధానియంతట వ్యాపించెను. ఆదోని నాడు బళ్లారి జిల్లాలోని దగుటచే ఆ నిషేధము క్రిందికే వచ్చెను. దాని వెనుకనున్న మహనీయుల సదుద్దేశమును మేము శంకింపము. గాంధీమహాత్ముడు గీతవారికి బదులు జీవనముగా తాటిబెల్లమును సూచించిన సంగతియు మఱువము. కాని చెట్టు దింపబడిన గీతవారిలో ఎందఱికి ఆ బెల్లపు జీవనము దొరకెను? ఈ ప్రశ్నయే ఆంధ్రరాష్ట్రమును కదలించెను. గౌతు లచ్చన్నగారు గీతవారి పక్షమున పోరాడిరి; మద్యనిషేధ వివాదములోనే 1954 నవంబరున టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయెను. తరువాత నిషేధము సడలెను, సారా పాకెట్లు వచ్చెను, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తిరుగబడిరి, 1993లో సారా పోయెను, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చెను, 1997లో అదియు పోయెను. ఇన్ని మార్పులలో ప్రతిసారియు లాభపడి నిలిచినది సీసా. ప్రతిసారియు నలిగినది గీతకత్తి.

2022లో గీత కిస్తులను ప్రభుత్వము రద్దు చేసినది, అది మెచ్చదగినదే. కాని 2024 అక్టోబరునుండి వచ్చిన క్రొత్త పద్ధతిని చూడుడు. రాష్ట్రమున 3,396 ప్రైవేటు మద్యపు దుకాణములు తెఱచి, తొంబదితొమ్మిది రూపాయలకు క్వార్టరు సీసా యిచ్చుట ప్రజాహితముగా చాటిరి. మఱి గీతకులములకు చేసిన మేలేమన, పదవవంతు చొప్పున 340 దుకాణములు వారికి ప్రత్యేకించుట! ఇంతకన్న విచిత్రమున్నదా? నేతవానికి మగ్గము బాగుచేసి యిచ్చుటకు బదులు మిల్లుబట్టల దుకాణమునకు లైసెన్సిచ్చి, ‘నీ కులవృత్తిని కాపాడితిమి’ అనినచో ఎమ్మిగనూరు ఊరకుండునా? వేలకొలది చెట్లెక్కువారిలో ఆ చీటి తగులువా రెందఱు? తగిలినవాడు కూడ తన చేతితో తన వృత్తిని పూడ్చు బేరమునకే గదా దిగవలెను!

ఎమ్మిగనూరు పేరెత్తితిమి. ఆ యూరే మనకు గురువు. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారిని సహకార సంఘముగా కూర్చి, నూలు తామే తెప్పించి, నేసినదానిని తామే అమ్ముకొనునట్లు చేసి, షావుకారు గుప్పిటనుండి వారిని విడిపించిరి. ఆయనకు తరువాత పద్మశ్రీ బిరుదు లభించెను. 1985లో పార్లమెంటు కొన్ని రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించి చట్టము చేసెను. చేనేత నేడు చిక్కులలో నున్నదనుట నిజమే. అయినను దానిని కాపాడవలెననుటలో భేదాభిప్రాయము లేదు. చేనేత దుప్పటి మిల్లు దుప్పటికన్న వెల హెచ్చైనను, చేతిపని యని, మన యూరిదని, మనము కొనుచున్నాము, కొన్నందులకు గర్వించుచున్నాము. నేతయు చేతిపనియే, గీతయు చేతిపనియే. మగ్గపు గుంటలో కూర్చున్నవానికి మన జాలి యున్నది. మోకు నడుమునకు బిగించి, జారిన ప్రాణము పోవు ఎత్తున నిలిచి కత్తిపట్టినవానికి మాత్రము మన యేవగింపు. ఈ వివక్షకు మూలము నీతి కాదు, కులమును, అలవాటును.

‘కల్లు నేడు కల్లు కాదు, మందుపొడి కలిపిన నీళ్లు’ అని కొందఱు ఆక్షేపింతురు. ఆక్షేపణ సత్యము. క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలాము వంటి మత్తుమందులు కలిపి అమ్ము దుర్మార్గము తెలుగునాట పాతుకొనియున్నది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో అట్టి కల్లు త్రాగి పలువురు మరణించిరి. కాని కారణము విచారింపుడు. చెట్లు నూఱు, త్రాగువారు వేయి యైనచోట మిగిలిన కుండలు ఎట్లు నిండును? చెట్లు నఱుకబడి, గీయువారు తగ్గి, అంగడి మాత్రము గుత్తదారుని చేతిలో పెరిగినచోట పొడియే చెట్టగును. పాలలో నీళ్లు కలిపినవానిని శిక్షింతుము గాని ఆవులను తెగనమ్ముమనము. కల్తీకి మందు చెట్టు లెక్క, కుండ లెక్క, పరీక్ష. కల్లంగడి మూత కాదు. స్వచ్ఛమైన కల్లు దొరకనిచోట కల్తీకల్లును, క్వార్టరు సీసాయు మాత్రమే మిగులునని మఱువరాదు.

ఈ గొడవ మన దేశమునకే క్రొత్త కాదు. ఇంగ్లండులో 1970 ప్రాంతమున ఆరు పెద్ద కంపెనీలు ఊరూరి చిన్న బీరుబట్టీలను మింగి, వడగట్టి, కాచి, వాయువెక్కించిన నిర్జీవపు బీరును దేశమంతట ఒకే రుచితో పోయుచుండెను. 1971లో నలుగురు యువకులు ‘క్యామ్రా’ అను సంఘమును స్థాపించి, పీపాలోనే తుదివఱకు పులియుచు, వెలుపలి బొగ్గుపులుసు వాయువు కలియని పాతపద్ధతి ఏల్ బీరును, దానిని పోయు ఊరి పబ్బును కాపాడ పూనిరి. వారిని త్రాగుబోతులని నవ్వినవారును ఉండిరి. నేడా సంఘమునకు లక్షకు మించిన సభ్యులున్నారు. 2002లో అచటి ప్రభుత్వము మిక్కిలి చిన్న బట్టీలకు సుంకమును సగమునకు తగ్గించెను. వందలకొలది చిన్న బట్టీలు వెలసెను. చిన్నవానికి చిన్న పన్ను, పెద్దవానికి పెద్ద పన్ను అను ధర్మము అందు కలదు. మన కల్లు ఆ బీరువలెనే ప్రాణమున్న పానీయము. దూరమెందుకు? కేరళలో గీతకార్మికుల సంక్షేమనిధికి 1969లోనే చట్టము చేసిరి. అచటి కల్లంగడులలో వంటకములు ప్రసిద్ధములు, సంసారులు పోయి భుజించు నంగడులును కలవు. మన కల్లంగడిని మురికి మూలకు నెట్టినది మనమే. ఆ పిమ్మట మురికి యని దూఱునదియు మనమే.

తుది ఆక్షేపణ మన గృహిణులది. దానికే మేము ఎక్కువగా తలయొగ్గుదుము. ‘పానీయము ఏదైన నేమి? కూలిడబ్బు పోవుట, ఇంట దెబ్బలు పడుట ఒక్కటే గదా?’ అని వారడుగుదురు. అమ్మలారా, దూబగుంట పోరాటము సారామీద సాగినది. మీ కోపము న్యాయమైనది. దానిని బలమైన శత్రువుమీదికే త్రిప్పుడని మా ప్రార్థన. సీసా రాత్రి పదిగంటలకును దొరకును, జేబులో దాగును, వారము నిలుచును, ఇంటికి వచ్చును. కల్లు దాగదు, నిలువదు. అంగడి ఊరిలోనిదగుటచే పోయినవాడెవడో, ఎంత త్రాగెనో ఊరెఱుగును. గుత్తదారుడు మీ మాట వినడు. ఊరి సహకార సంఘములో మీకు రెండు స్థానములున్నచో అంగడి వేళలను, అప్పులను మీరే శాసింపవచ్చును.

కాబట్టి ఈ పత్రిక చదువు గృహములను మేము కోరునది స్పష్టము. గీతకులములకు సీసాల దుకాణములు కాక గీతచెట్లు కావలెనని అడుగుడు. తుంగభద్ర దిగువకాలువ గట్లను, చెఱువు కట్టలను ఈతవనములకు కేటాయింపుమని కోరుడు. చెట్టు గీతకు వచ్చుటకు ఏండ్లు పట్టును గనుక ఆలస్యము తగదు. ఆదోనిలోను ఎమ్మిగనూరులోను గీత సంఘము తానే నడపు అంగడి, కుండకుండకు పరీక్ష, అంగడి ముందు చెట్ల సంఖ్య వ్రాసిన పలక ఉండవలెననుడు. బంగ్లాదేశములో 2001 నుండి ఈతరసమును గబ్బిలములు ముట్టుటచే నిపా జబ్బు సోకినట్లు తేలినది గనుక, ప్రతి కుండకును వెదురు తడిక కప్పవలెననుడు. త్రాగని యింటివారు నీరాను, ఈతబెల్లమును కొని గీతవారికి తోడుపడుడు. హైదరాబాదులో 2023లో నీరా కేఫు వెలసినది, ఆదోనిలో వెలయరాదా?

ఇవన్నియు చేసిన పిమ్మటను త్రాగుడు దోషమే యని నమ్మువారు నమ్మవచ్చును. వారితో మాకు వైరము లేదు. కాని సీసాను సహించి ముంతను పగులగొట్టు నీతిని మాత్రము మేము నీతి యనజాలము. ఎమ్మిగనూరు నేతకు చేసిన న్యాయమునే గీతకును చేయుమని అడుగుచున్నాము. అంతకు మించి అడుగుట లేదు, అంతకు తగ్గి ఒప్పుకొనుటయు లేదు.