తిరుగుబాటు కథలో బాలవీరుడు

పరాయి పెత్తనముపై తిరుగబడిన జాతుల చరిత్రను ఆధారముగా గొని నవలలు వ్రాయువారికి ఒక చిక్కు ఎదురగుచుండును. కథానాయకుడు సామాన్యముగ బాలుడు. కథ నడచినకొలది వాడు పెరుగవలెను. అయితే దేనియందు పెరుగవలెను? కండబలమునందా, కసియందా, వివేకమునందా? గ్రంథకర్త యీ ప్రశ్నకిచ్చు సమాధానమునుబట్టియే ఆ గ్రంథము మన పిల్లల చేతికీయదగినదో కాదో నిర్ణయింపవలసి యుండును. చీనాదేశపు బాక్సరు తిరుగుబాటును గూర్చి వెలువడిన రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి యీ విషయమును విచారింపదలచినాము.

ముందుగా ఆ తిరుగుబాటు ఎట్లు పుట్టినదో పాఠకులు జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. 1897 నవంబరులో షాంటుంగ్ రాష్ట్రమున ఇద్దరు జర్మను మతబోధకులు హతులైరి. ఆ నెపమున జర్మనీ కియాచౌ అఖాతమును ఆక్రమించెను. 1898లో పసుపునది పొంగి పల్లెలను ముంచెను. దాని వెనువెంటనే అనావృష్టి దాపురించెను. వీనికి తోడు న్యాయస్థానముల దుస్థితి యొకటి. నేల తగాదాయో నీటి తగాదాయో వచ్చినపుడు, మతము పుచ్చుకొన్న కక్షిదారుని పక్షమున విదేశీయ ఫాదరీ న్యాయాధికారి కడకు వచ్చి ఒత్తిడి తెచ్చుట పెక్కుచోట్ల జరిగెను. 1899 మార్చిలో వెలువడిన రాజశాసనము కథోలిక మతాచార్యులకు ప్రభుత్వాధికారులతో సమానమైన హోదానే కల్పించెను. న్యాయవాదవృత్తియందున్న మాకు దీని ఫలిత మెట్టిదో ఒకరు చెప్పనక్కరలేదు. కచేరీలో తన మాట చెల్లదని రూఢిగ తెలిసిన రైతు కఱ్ఱ చేతబట్టును. యీ-హొ-తువాన్ అను పేర గుమిగూడి, దేవతలు తమను పూనుదురనియు, తుపాకి గుండ్లు తమను తాకవనియు నమ్మి పీకింగుపై నడచిన యువకులు అట్టి రైతుల బిడ్డలే.

మొదటి కథ ఆంగ్ల రచయిత జి. ఎ. హెంటీ వ్రాసినది. పీకింగునకు మిత్రసేనలతో సాగిన ప్రయాణమును వర్ణించు ఆ నవల 1904లో, ఆతడు మరణించిన తరువాత, ప్రచారమునకు వచ్చెను. హెంటీ పుస్తకములను చదివి పెరిగిన ఆంగ్లబాలురు లెక్కకు మిక్కిలి. ఈ కథలో రెక్స్ బేట్‌మన్ అను కుఱ్ఱవాడు టియెంట్సిన్ నగరమందలి ఆంగ్లవర్తకుని కుమారుడు. వానికి చీనాభాష వచ్చును. ధైర్యము, సమయస్ఫూర్తి కలవు. వెంట నమ్మిన చీనా సేవకుడొకడు కలడు. వాడు వేషము మార్చి శత్రువుల నడుమకు జొరబడి తనవారిని రక్షించుకొనును. కథ చదువుటకు ఉత్సాహముగనే యుండును. అయినను వాడు మొదటిపుటలో ఎట్టివాడో కడపటిపుటలోను అట్టివాడే. వాడు పెరుగలేదు, వానికి పెరుగవలసిన అవసరమును రచయిత కల్పింపలేదు. ఏలయన వాని జాతి చేసినది తప్పా ఒప్పా యను సందేహము వానికి కలుగనే కలుగదు. వాని భాష చీనావారి మాటలను గ్రహించినది కాని వాని మనసు వారి ఫిర్యాదును వినలేదు. సామ్రాజ్యము తన బిడ్డలకు పెట్టిన పాఠమది.

రెండవది మన కాలపు రచన. అమెరికాలో పుట్టిపెరిగిన చీనాసంతతి రచయిత జీన్ లూయెన్ యాంగ్ 2013లో 'బాక్సర్స్', 'సెయింట్స్' అను రెండు సంపుటములను బొమ్మల నవలగా ప్రకటించెను. ఇతడు కథోలికుడు. 2000 అక్టోబరు 1వ తేదీన పోపు రెండవ జాన్ పాల్ చీనాలో ప్రాణములు గోల్పోయిన 120 మందిని పునీతులుగా ప్రకటించెను. వారిలో 87 మంది చీనావారు. పెక్కురు బాక్సరు తిరుగుబాటునందు చంపబడినవారు. ఆ దినము చీనా ప్రజారాజ్యపు జాతీయదినము కూడ నగుటచే ఆ ప్రభుత్వము తీవ్రముగ నిరసించెను. తన మతము పునీతులని కొలుచువారిని తన పూర్వుల దేశము ద్రోహులని తలచుట చూచి యాంగ్ ఈ కథకు పూనుకొనెను. తనలోనే యున్న వాదిప్రతివాదుల నిద్దరిని పిలిచి ఒక్కొక్కరికి ఒక్కొక్క సంపుట మొసగినాడు. ఈ యేర్పాటే మాకు మిక్కిలి నచ్చినది.

మొదటి సంపుటమున నాయకుడు చిన్న బావో. షాంటుంగ్ పల్లెలో తోబుట్టువులందరిలో చిన్నవాడు. తిరునాళ్లలో ఆడు వీథినాటకములన్న ప్రాణము పెట్టువాడు. ఒకనాడు విదేశీయ ఫాదరీ యొకడు వచ్చి గ్రామదేవత విగ్రహమును పగులగొట్టును. న్యాయము కోరబోయిన బావో తండ్రి విదేశీ సైనికుల చేత దెబ్బలు తిని, మనసు విఱిగి ఇల్లు చేరును. ఇంతవరకు చదివిన వారెవరును బావో పక్షమున నిలువక మానరు. పిమ్మట వాడు యుద్ధవిద్య నేర్చును; మంత్రమహిమచే, తాను నాటకములలో జూచిన దేవతల వలె రూపము దాల్చును. వానిని పూనినది చీనా ప్రథమచక్రవర్తి చిన్ షిహువాంగ్. ఇక్కడినుండియే అసలు కథ ప్రారంభము.

ఆ చక్రవర్తి ముక్కలైన దేశమును ఏకము చేసినవాడు. క్రీస్తు పూర్వము 213లో గ్రంథములను తగులబెట్టించిన వాడును ఆతడే. ఆతడు బావో చెవిలో ఊదునది ఒక్కటే మాట: దేశము నిలువవలెనన్న దయను విడువుము. బావో ఆ మాట కొక్కొక మెట్టు దిగజారుచు పోవును. స్త్రీలు, పిల్లలు తలదాచుకొన్న దేవాలయమునకు నిప్పు పెట్టుటకు మొదట వెనుదీసినవాడు, కడకు నిప్పు పెట్టించును. పీకింగులో విదేశీ రాయబారుల నివాసములను ముట్టడించినపుడు ఆంగ్లేయుల కోటను ఆనుకొనియున్న హాన్‌లిన్ విద్యాపీఠము దగ్ధము కావింపబడును. 1900 జూన్‌లో ఆ పీఠము నిజముగనే కాలినది. ఎవరు కాల్చిరని ఇరుపక్షములు ఒకరినొకరు నిందించుకొనిరి. 15వ శతాబ్దారంభమున మింగ్ చక్రవర్తి కూర్పించిన మహాకోశమున మిగిలియున్న సంపుటములలో పెక్కులు ఆ మంటలలో నశించెను. దేశమును రక్షింపబోయిన చేతులే దేశపు విద్యను బూడిద చేయుటను యాంగ్ తన నవలలో చిత్రించిన తీరు హృదయవిదారకము. బావోకు అంతకంతకు బలము పెరిగినది. మనిషి మాత్రము కుంచించుకొని పోయినాడు.

రెండవ సంపుటము నాల్గవ సంతానమై, ఇంట పేరైనను పెట్టబడని ఒక బాలిక కథ. ఇంటివారికి ఆమె అపశకునము. ఆమెకు విబియానా యని పేరు పెట్టినది క్రైస్తవసంఘమే. ఆమె మతము పుచ్చుకొన్నది దేశద్రోహముచే గాదు, తనను మనిషిగా పిలిచినవారు వారొక్కరే యగుటచే. అన్యమతప్రవేశమును గూర్చి మనలో ఎవరి అభిప్రాయ మెట్టిదైనను, ఈ మాట మన యిండ్లకును తగులును. ఇంటిలో చోటు లేని బిడ్డ బయట చోటు వెదకికొనుట వింత కాదు. చిట్టచివరకు బావో కత్తి ముందు నిలిచినది ఈ బాలికయే. ఆమె తన మతము విడువదు. వాడు ఆమెను చంపును. మొదటి సంపుటము మాత్రమే చదివినవానికి ఆమె పేరులేని ద్రోహి. రెండవది చదివినవానికి ఆమె బావో వలెనే పల్లెలో పుట్టి, బావో వలెనే గాయపడిన తోబుట్టువు.

పాలితజాతుల తప్పులను ఇట్లు వెలిపెట్టుట సామ్రాజ్యమునకు మేలు చేయుట కాదాయని కొందరు దేశాభిమానులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న తేలికైనది కాదు. యుద్ధమున 8 రాజ్యముల సేనలు పీకింగు జొచ్చిన 1900 ఆగష్టు 14వ తేదీ తరువాత జరిగిన దోపిడి, పల్లెల దహనము, 1901 సెప్టెంబరు 7వ తేదీ ఒడంబడికచే చీనాపై మోపబడిన 45 కోట్ల టేళ్ల వెండి దండుగ, ఇవి బాక్సర్ల దోషములతో సరితూగునవి కావు. నష్టపరిహారమనగా దెబ్బ తిన్నవానికి ఇచ్చునదని మేము న్యాయశాస్త్రమున చదివినాము. ఇచట ఇల్లు దోచుకొనబడిన వానినుండియే 39 ఏండ్ల వాయిదాలపై రాబట్ట నిశ్చయించిరి. యాంగ్ నవలలో ఈ యుత్తరకథకు తగిన తావు లేకపోవుట లోపమనియే మా అభిప్రాయము. ఉపాధ్యాయులు ఆ లోపమును పూరించి చెప్పవలెను.

అయినను ఆక్షేపణకు మా సమాధానమిది. దోషమును దాచిన చరిత్ర యువకునకు హెంటీ నీతినే నేర్పును. పక్షము మాత్రము మారును. మన నాయకుడు పుట్టుకతోనే నిర్దోషి యన్నచో వాడును పెరుగడు. పైగా ఆ యుద్ధమున మన చేతులును పరిశుద్ధములు కావు. పీకింగు ముట్టడిని విడిపింప ఆంగ్లేయులు పంపిన సేనలో అధికభాగము భారతీయ సిపాయిలే. వారిలో 7వ రాజపుత్ర పటాలమునకు చెందిన ఠాకూర్ గదాధర్ సింహ్ అను సైనికుడు తాను చూచినదానిని దాచలేదు. 'చీన్ మే తేరహ్ మాస్' అను పేర 1902లో హిందీలో ఆతడు ప్రకటించిన గ్రంథమున చీనాప్రజల దుఃఖము, సేనల దౌష్ట్యము వర్ణింపబడినవి. ఎదుటిపక్షమున నిలిచి పోరాడినవాడే ఎదుటివాని కన్నీటిని చూడగలిగెను. పెరుగుట యన నిట్టిది. 2017లో ఈ గ్రంథము ఆంగ్లములో వెలువడినది. తెలుగులోనికి తెచ్చువారు మన భాషకు ఉపకారము చేసినవారగుదురు.

కావున గ్రంథాలయముల నిర్వాహకులకును, పిల్లలకు పుస్తకములు కొని యిచ్చు తలిదండ్రులకును మా మనవి. తిరుగుబాటు కథలను పిల్లలకు నిషేధింపవలదు. అన్యాయమునకు లొంగనివారి కథలు వినని జాతికి వెన్నెముక యుండదు. అయితే యాంగ్ సంపుటములను ఇచ్చునపుడు రెంటిని కలిపియే ఇండు. ఒక్కదానిని ఇచ్చుట ఒక పక్షపు సాక్ష్యము విని తీర్పు చెప్పుట వంటిది. కత్తి యెత్తుటకు బావోకు కారణము కలదు. దానిని ఎక్కడ దింపవలెనో వానికి చెప్పిన పెద్ద యొక్కడు లేకపోయెను. ఆ పెద్దరికము మన యిండ్లలోను, పాఠశాలలలోను లోపింపకుండ చూచుకొనుట మన విధి.