వడ్డించే చేతిని అడిగామా?



మన సంఘములో ఒక సహోదరి విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గరి పేటలో అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేస్తున్నది. మొన్న ఆదివారము ఆరాధన అయిన తరువాత గుడి మెట్ల మీద కూర్చొని తన కష్టము చెప్పుకొన్నది. తల్లులకు ఇంటికిచ్చే పోషకాహారానికి 2025 జులై నుండి ముఖగుర్తింపు తప్పనిసరి చేశారు. తల్లి ముఖాన్ని ఫోనులో ఫొటో తీసి ఆధార్‌తో సరిచూడాలి. మొదట నమోదు చేసేటప్పుడు ఆధార్‌కు జతచేసిన ఫోనుకు ఒక నంబరు వస్తుంది. అది చెబితేనే పని ముందుకు సాగుతుంది. ఆ పేటలో చాలా ఇళ్లలో ఉండేది ఒక్కటే ఫోను. అది భర్త దగ్గర ఉంటుంది. ఆ భర్త బోటు మీద సముద్రములో ఉంటాడు.

"దొంగలెక్కలు ఆపడము మంచిదే అన్నయ్యగారూ, నేను కాదనను. కాని మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే ఈ సంగతి ముందే చెప్పేవాళ్లము గదా" అన్నది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఐ.సి.డి.ఎస్. పథకము 1975 అక్టోబరు 2న దేశములో 33 ప్రాజెక్టులతో మొదలైంది. నేడు మన రాష్ట్రములోనే 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఏ బిడ్డ బరువు తగ్గింది, ఏ ఇంట్లో గుడ్డు తల్లి నోటికి చేరకుండా పోతున్నది, ఏ కోడలు పుట్టింటికి వెళ్లింది, ఇవన్నీ కార్యకర్తకు తెలుసు. ఆయాకు ఇంకా బాగా తెలుసు. అయితే పథకము మారినప్పుడు వారికి అందేది ఉత్తర్వు, శిక్షణ. మార్చక ముందు వారిని పిలిచి అడగడము అరుదు.

అసలు అడిగే ఏర్పాట్లు దేశములో లేకపోలేదు. 2013 మే నెలలో జరిగిన 45వ భారత కార్మిక సదస్సులో ప్రభుత్వము, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చున్నారు. అంగన్‌వాడీ, ఆశా వంటి పథకాల సిబ్బందిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనము, సామాజిక భద్రత కల్పించాలని ఆ సదస్సు సిఫారసు చేసింది. 46వ సదస్సు 2015 జులైలో జరిగింది. ఆ తరువాత పదేళ్లపాటు మరొకటి జరగలేదు. చట్టాల ముసాయిదాలను కనీసము 30 రోజులు ప్రజల ముందుంచాలని కేంద్రము 2014లో ఒక విధానము తెచ్చింది. అది చట్టాలకు సంబంధించినది. ఫోనులో వచ్చే కొత్త యాప్ దాని కిందికి రాదు.

వినే చోటు లేనప్పుడు మాట వీధిలోకి వస్తుంది. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రములో అంగన్‌వాడీల సమ్మె మొదలైంది. 2024 జనవరి 6న ప్రభుత్వము ఎస్మా ప్రయోగించింది. అయినా సమ్మె 42 రోజులు సాగి, చివరికి చర్చలతోనే ముగిసింది. చివర కూర్చున్న ఆ బల్ల దగ్గర మొదటే కూర్చొని ఉంటే, ఆ 42 రోజులు పిల్లలకు తప్పేవి గదా!

ఇట్టి సమస్య ఆది సంఘములో కూడ వచ్చింది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము తీసి చూడండి. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు వంతు సరిగా అందలేదు. సణుగు పుట్టింది. అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు. శిష్యులందరినీ పిలిచి, ఏడుగురిని మీరే ఎన్నుకొనండి అన్నారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. కాబట్టి నష్టపోయినవారి పక్షమునుండే వారిని ఏర్పరచుకొన్నారని అనేకమంది పండితులు తలస్తారు. అందరినీ అడుగుతూ కూర్చుంటే పని ఎప్పుడు జరుగుతుంది అని కొందరంటారు. కాని అపొస్తలులకు తీరిక ఉండి అడగలేదు. ప్రార్థనకు, వాక్యపరిచర్యకు సమయము చాలకనే ఆ పని తెలిసినవారికి అప్పగించారు. దాని ఫలము 7వ వచనములో ఉన్నది: శిష్యుల సంఖ్య విస్తరించింది.

ప్రియులారా, ప్రభుత్వాన్ని వేలెత్తి చూపే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నిరుడు మా కమిటీ అదే పేటలో ఉదయము 10 గంటలకు వైద్య శిబిరము పెట్టింది. డాక్టరుగారు వచ్చారు, మందులు వచ్చాయి, రోగులు మాత్రము రాలేదు. ఆ వేళకు అక్కడి స్త్రీలు చేపల గంపలతో ఊరిలో తిరుగుతుంటారు. ఈ సంగతి ఆ సహోదరికి తెలుసు. ప్రతి ఆదివారము ఆమె మా మధ్యనే కూర్చుంటుంది. తీర్మానము మీద సంతకము చేసిన వారిలో నేనొకడిని. ఆమెను అడగాలని నాకు తోచలేదు.

కాబట్టి ఈ నెల మనము ఒక పని చేద్దాము. మీ సంఘములోని అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలను, బైబిలు స్త్రీని, హాస్టలు ఆయాను కమిటీ కూటానికి పిలవండి. తీర్మానము రాయకముందే పిలవండి. వారు చెప్పింది రాసుకొని, ప్రభుత్వానికి చెందిన సంగతులైతే కలెక్టరు కార్యాలయములో సోమవారము జరిగే ప్రజా ఫిర్యాదుల వేదికకు వారితో కలిసి వెళ్లండి. ఆమె ఒక్కతే వెళితే ఉద్యోగానికి ఏమవుతుందోనని భయపడుతుంది. సంఘము తోడుంటే ధైర్యము వస్తుంది.

పాదములు కడుగుటకు వంగిన ప్రభువు, వడ్డించే చేతుల మాట వినే చెవులను మనకు దయచేయునుగాక. ఆమేన్.